జడ్జిగారు గురకపెట్టిన మంచం

"కోర్టంటే అంత భయమెందుకోయ్ ఇస్త్రీ తమ్ముడూ? లాడ్జి ఓనరు నీ కూలి ఎగ్గొట్టాడు, రేపు కేసు, అంతేగా? నన్ను తీసుకెళ్లు. నీ తరఫున నేను మాట్లాడతా. నువ్వు పక్కన నిలబడి తలాడించు, చాలు!"

టీ కొట్టు బల్ల మీద కాలు మీద కాలేసుకుని వడ్రంగి మేస్త్రి హామీ ఇచ్చేశాడు. ఇస్త్రీ అతను గ్లాసు పట్టుకుని ఆలోచనలో పడ్డాడు. లాడ్జి దుప్పట్లు, దిండు గలీబులు నెలల తరబడి ఇస్త్రీ చేసిన డబ్బు అది. రేపు అది రాకపోతే ఇంటద్దె కట్టలేడు. అప్పుడే మేస్త్రి బావమరిది వచ్చి, స్కూటరు దిగకుండానే వింటూ కూర్చున్నాడు.

"నా కేసు సంగతి విను," అన్నాడు మేస్త్రి. "బట్టల షాపాయన నాతో మంచం చేయించుకుని, సగం డబ్బిచ్చి, కిర్రుమంటోంది, మిగతాది ఇవ్వనన్నాడు. నా మంచం కిర్రుమనడమా! ఒళ్లు మండి తిన్నగా చిన్న బాకీల కోర్టుకెళ్లా. అక్కడ లాయరుతో పనిలేదు, ఎవరి గోడు వాళ్లే చెప్పుకోవచ్చు. అయినా ఆ పిరికి సన్నాసి ముగ్గురు లాయర్లని వెంటేసుకొచ్చాడు! నేను నోరు తెరిచానో లేదో, మొదటాయన కోటు విప్పేసి కూలబడ్డాడు. రెండో ఆయన 'మీ దగ్గర పని నేర్చుకోవచ్చా గురువుగారూ' అన్నాడు. మూడో ఆయన..."

"పారిపోయాడా?" అంది టీ కొట్టు అక్క.

"పారిపోతేనా! నాకే ఫీజు చేతిలో పెట్టాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మంచం కోర్టుకి తెప్పించా. మెట్ల మీద పట్టకపోతే తాళ్లు కట్టి కిటికీలోంచి లాగాం. 'అయ్యా, మీరే పడుకుని చూడండి' అన్నా. జడ్జిగారు పాపం కాస్త మొహమాటపడ్డారు. ఆనక చెప్పులు విప్పి ఎక్కారు. అంతే, గురక!"

"కోర్టులోనా?" అన్నాడు ఇస్త్రీ అతను.

"ఆఁ, కోర్టులోనే! ఎవడో దగ్గితే బంట్రోతు వాణ్ణి కొట్టినంత పని చేశాడు. ఆ గురక విని పక్క హాలు జడ్జిగారొచ్చి 'కొంచెం జరగండి' అని ఆయనా పడుకున్నారు. ఇక చూస్కో, పై అంతస్తు, కింది అంతస్తు, మొత్తం పదకొండుమంది జడ్జీలు, అడ్డంగా సర్దుకున్నారు! ఎవడో దొంగ, వాడి కేసు ఎంతకీ పిలవకపోయేసరికి వాడూ ఓ మూల ఒరిగాడు. పోలీసాయనే దుప్పటి కప్పాడు. అంతమంది ఎక్కినా నా మంచం కిర్రుమంటే ఒట్టు!"

"కోర్టులో దుప్పటెక్కడిది?"

"అడ్డు తగలకక్కా, ఎక్కడ ఆపానో మర్చిపోతా! సాయంత్రం జడ్జిగారు లేచి, కళ్లు నులుముకుంటూ, 'ఉద్యోగంలో చేరాక ఇదే మొదటి నిద్ర మేస్త్రీ' అన్నారు. షాపాయన నా కాళ్ల మీద పడ్డాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఎంత పెద్దవాళ్ల కేసైనా ఒక్కో వాయిదానే వేస్తారు కదా. నాకు? ఒకేసారి పది వాయిదాలు! నన్ను మళ్లీ మళ్లీ చూడాలని ఆయనకంత ముచ్చట!"

ఇస్త్రీ అతను గ్లాసు కింద పెట్టాడు. "అయితే రేపు పొద్దున్నే..."

స్కూటరు హారను గట్టిగా మోగింది.

"బావా, అవి కోర్టుకి రమ్మన్న వాయిదాలు కావు. డబ్బు కట్టమన్న వాయిదాలు. మంచం విరిగి షాపాయన నడుం పట్టేస్తే, ఆయనే కదా నీ మీద కేసు వేసింది! తీసుకున్నదంతా నెలనెలా తిరిగి కట్టమన్నారు. మొదటి వాయిదా ఇవాళే. దగ్గరుండి కట్టించుకు రమ్మని మా అక్క పంపింది. ఎక్కు."

టీ కొట్టంతా గొల్లుమంది. మేస్త్రి గొంతు సవరించుకుని లేచాడు.

"విరిగితే విరిగింది. కిర్రుమందా? అది చెప్పు ముందు!"

స్కూటరు కదలబోతుంటే ఇస్త్రీ అతను పరిగెత్తుకెళ్లి మేస్త్రి చెయ్యి పట్టుకున్నాడు.

"మేస్త్రిగారూ, రేపు మీరు తప్పకుండా కోర్టుకి రావాలి. మిమ్మల్నే నమ్ముకున్నా."

"చూశావా బావమరిదీ, మనిషి విలువ తెలిసినవాడు! వస్తానోయ్, నీ తరఫున..."

"నా తరఫున వద్దండీ. ఆ లాడ్జి ఓనరు తరఫున మాట్లాడండి."