రేకు రెక్కల విమానం

నమూనాల క్లబ్బుకి ప్రెసిడెంటైన బావ తన ఇంట్లో కిటికీ దగ్గర బల్ల ముందు కూర్చుని, మూరెడు పొడుగు నమూనా విమానాన్ని తిప్పి తిప్పి చూస్తున్నాడు. ఆయన వీపు వెనక బామ్మర్ది, వాడి పక్కన అక్క. బ్రాకెట్లలో ఉన్నవి ఆ ఇద్దరి గుసగుసలు.

"…స్ప్రే గన్ లేకుండా లోహపు మెరుపా? నీళ్ళు లేకుండా ఈత కొట్టానన్నట్టుంది."

"స్ప్రే కొట్టే వీల్లేదు బావా. మాకున్నది ఒక్క గది. చంటిదానికి ఆయాసం, ఆ వాసన తగిలితే ఊపిరాడదు. అందుకే వంటింటి ఫాయిల్ అంటించా."

"తిండి పొట్లాలు చుట్టుకునే ఫాయిల్! ఫాయిల్ అంటించినవాడు ఫెయిల్. రాసుకో."

"(మొదలుపెట్టాడు.)"

"(ఊరుకోరా. సంతకం పడేదాకా ఊరుకో.)"

"ఎలా అంటించావ్?"

"తెల్ల జిగురు నీళ్ళతో పల్చన చేసి ఒక్క పూత. తడి పోయి, వేలికి కాస్త అంటుకుంటోంది అన్నప్పుడు రేకు పరిచి, దూదిపుల్లతో మధ్యలోంచి అంచులకి రుద్దుతా. గీత వెంబడి బ్లేడుతో కోసి, పక్కన ఇంకో ముక్క. మొత్తం నూటనలభై ముక్కలు. నా రెక్కలు ముక్కలు చేసుకుని ఈ రెక్కలు చేశాను బావా."

"ఏయ్, ఈ ఇంట్లో మాటలతో ఆడుకునే హక్కు నా ఒక్కడిదే."

"(రిజిస్ట్రీ అయిందా ఆ హక్కు? చూడక్కా, క్లబ్బులో ఉపన్యాసం ఇచ్చేటప్పుడు పొట్ట ఇలా ముందుకి…)"

"(వద్దురా, నవ్వొస్తోంది.)"

"ఏమిటా గుసగుస?"

"ఏం లేదండీ. టీ పెట్టనా అని."

"ఎవరికి?"

"మీకే."

"నేనడగలేదే. ఒరేయ్, ఈ చేతితొడుగులెందుకు నాకు?"

"ఉత్త చేత్తో ముట్టుకుంటే వేలిముద్ర పడిపోతుంది బావా. పైన వార్నిష్ వెయ్యలేదు. వేస్తే మెరుపు చస్తుంది."

"వేలిముద్రలు, తొడుగులు, చావు! నన్ను హంతకుణ్ణి చేశావన్నమాట. పోనీ, గోరుతో ఒక్క గీత గీసి చూడనా?"

"బావా! వద్దు బావా, దణ్ణం పెడతా!"

"ఉత్తినే అన్నాలే, వణక్కు. ఈ ముక్క మాసినట్టుందేం?"

"అది కావాలనే. అసలు విమానం మీద రేకులన్నీ ఒకే ఛాయలో ఉండవు. ఆ ముక్కని కోడిగుడ్లతో కలిపి ఉడకబెట్టా. కాస్త మసకబారుతుంది."

"గుడ్లేం చేశావ్?"

"తినేశాం."

"విమానానికీ గుడ్లకీ చుట్టరికం కలిపిన మొదటి మనిషివి. ఇది విమానం కాదురా, అవమానం. మీ వంశమే అంత. మీ అక్కని తెచ్చుకున్నప్పుడు తళతళలాడేది. ఏడాది తిరక్కుండా ఇదిగో, ఈ ముక్కలా అయింది. ఎన్ని గుడ్లతో ఉడకబెట్టి పంపారో మీవాళ్ళు."

"(విన్నావా?)"

"(రోజూ వినేదే.)"

"(అయితే చూడు. గుడ్లు పొదుగుతున్న ప్రెసిడెంటుగారు… మెడ ఇలా సాచి…)"

"(అచ్చం ఆయనేరా! కానీ కళ్ళజోడు మర్చిపోయావ్. ఇలా తీసి, ఇలా ఊది, మనల్ని పురుగుల్ని చూసినట్టు చూసి…)"

"(అక్కా! నన్ను మించిపోయావే!)"

"వెలుగు సరిగ్గా పడ్డంలేదు. ఉండు, కుడి రెక్క ఇంకాస్త వంచి చూస్తా."

"అయిదింటికి గడువు బావా. మ్యూజియంలో నమూనాలు చేసే ఉద్యోగం ఒక్కటే ఉంది. క్లబ్బు ప్రెసిడెంటు సంతకం లేనిదే విమానాన్ని గుమ్మం కూడా ఎక్కనివ్వరట. రెండేళ్ళుగా పని లేదు నాకు. మీకు తెలుసుగా."

"తెలుసు. గాల్లో మేడలు కట్టేవాడికి విమానాలు కాక ఇంకేం పనికొస్తాయ్?"

"ఏవండీ, వాడు అంతలా బతిమాలుతున్నాడు. ఒక్క సంతకం."

"లోహమంటే మొహం కనిపించాలి. మా క్లబ్బులో నియమం అది. కనిపించకపోతే చెత్తబుట్ట."

"కనిపించడంలేదా బావా?"

"కంగారెందుకు? చూస్తున్నాగా."

"(చూసీ చూసీ ఇప్పుడు వాసన కూడా చూస్తాడు. తర్వాత నాకుతాడు.)"

"(ఆపరా బాబూ, పొట్ట నొప్పెడుతోంది. కళ్ళల్లో నీళ్ళొస్తున్నాయ్.)"

"ఆ కాగితం ఇలా తే."

"ఏ కాగితం బావా?"

"సంతకం పెట్టమన్నదే. కలం కూడా."

"నిజంగానా? అక్కా!"

"ఏవండీ, బాగుందా మరి?"

"బాగుందా అంటే? ఒక్క మడత లేదు, ఒక్క నలుసు లేదు. ఇరవయ్యేళ్ళు స్ప్రే కొట్టి నేను సాధించలేనిది వీడు దూదిపుల్లతో సాధించాడు."

"బావా, మీ నోటి నుంచి ఈ మాట… ఏమనాలో తెలీడంలేదు బావా."

"ఏమీ అనక్కర్లేదు. నువ్వు పొట్ట ముందుకి తోసింది, మెడ సాచింది, ఆవిడ కళ్ళజోడు ఊదింది, అన్నీ ఈ కుడి రెక్కలో చూశా. మాటలు వినపడలేదు, అవసరమూ పడలేదు. పదిహేడేళ్ళ కాపురంలో మీ అక్క అంతలా నవ్వగా చూడ్డం నాకు ఇదే మొదటిసారి."

"ఏవండీ… అది… వాడేదో సరదాకి…"

"బావా, తప్పు నాది. అక్కని ఏమీ అనకండి."

"నేనెవర్నీ ఏమీ అన్లేదు. ఇదిగో సంతకం, ఇవాళ్టి తేదీ కూడా వేశా. విమానం వాళ్ళకిచ్చెయ్. మీ అక్కని మాత్రం నీ దగ్గరే ఉంచుకో."