జ్వరం గడిలో పట్టని చుక్క

ఆస్పత్రి గేటుకు ఎదురుగా ఉన్న టీ కొట్టు దగ్గర మీటల మావయ్య నోరు విప్పాడంటే, లేవబోతున్న అంబులెన్సు డ్రైవరు కూడా మళ్లీ బల్ల మీద సర్దుకుని కూర్చునేవాడు. ఆస్పత్రిలో కంప్యూటర్లన్నీ చూసుకునేది మావయ్యే. పనిమంతుడే, కాదనలేం. కాకపోతే చేసింది గోరంతైతే చెప్పేది కొండంత.

ఆ మధ్యాహ్నం ఆరో వార్డు నర్సు ఆయన్ని వెతుక్కుంటూ వచ్చేసరికి కథ అప్పుడే మొదలైంది. ఆమె చేతిలో మడిచిన కాగితం ఉంది. పొద్దున్నుంచి నిలబడే ఉండటంతో కాళ్లు లాగేస్తున్నాయి. చెప్పాల్సింది ఒక్క ముక్కే. కానీ మావయ్య మాటకు అడ్డుపడటమంటే పారే నీటికి అరచెయ్యి అడ్డం పెట్టడమే. ఆయన ఊపిరి తీసుకునేదాకా చూద్దామని బల్ల చివర కూలబడింది.

మొదట్లో కథ బుద్ధిగానే నడిచింది. వార్డులో ఎవరికి ఎంత జ్వరం ఉందో కంప్యూటర్లో ఎక్కించడానికి ఒక గడి ఉంటుంది. అందులో అంకె కొట్టమంటే ఎవరికి తోచింది వాళ్లు కొడుతున్నారట. ఒకరు 'పర్లేదు' అని, ఒకరు 'నిన్నటిలాగే' అని, ఇంకొకరు 'ఒళ్లు కాలిపోతోంది' అని. నర్సు తల దించుకుంది, ఆ మూడోది తనదే. పెద్ద డాక్టరు తల పట్టుకుని కూర్చుంటే, మీరలా ఒక టీ తాగి రండి సార్ అని పంపించి, మావయ్య ప్రోగ్రాములో ఒకే ఒక్క వరుస రాశాడట. అంతే, సున్నా నుంచి తొమ్మిది దాకా పది అంకెలకే ఆ గడిలోకి దారి. మిగతా ఏ మీట నొక్కినా గడి ఉలకదు, పలకదు. ఇంకోచోట రాసింది ఎత్తుకొచ్చి అతికించినా అక్షరాలు గుమ్మంలోనే రాలిపోయి అంకెలే లోపలికెళ్తాయి.

అక్కడిదాకా నిజమే. నర్సు కాగితం విప్పబోయింది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా?" అన్నాడు మావయ్య, గ్లాసు పక్కన పెట్టి.

గడి రానివ్వనంత మాత్రాన అక్షరాలు ఊరికే పోతాయా, ఎక్కడికో అక్కడికి పోవాలి కదా, తెర మీంచి జారి బల్ల మీద పడ్డాయట, బల్ల మీంచి నేల మీదికి, సాయంత్రానికి మడమలోతు పేరుకున్నాయట, ఊడ్చే ఆవిడ వచ్చి రెండు గోతాలకెత్తిందట, ఒత్తులైతే చీపురు పుల్లల్లో ఇరుక్కుని ఎంత దులిపినా రాలేదట. ఆ గోతాలేవని టీ కొట్టాయన అడిగితే, అచ్చాఫీసువాళ్లు వచ్చి పట్టుకెళ్లారని తడుముకోకుండా చెప్పాడు.

"అది కాదయ్యా, ఇది వినండి. తలనొప్పి అని వచ్చి తాతల కాలం నుంచి మొదలుపెట్టే రకం ఒకాయన ఉన్నాడు. ఆ గడి ముందు ఐదు నిమిషాలు నిలబడ్డాడు. ఇక నోరు తెరిస్తే అంకెలే. మూడు, తొమ్మిది, ఒకటి. మూడు రోజులుగా, తొమ్మిదింటికి మొదలై, ఒక పక్కే నొప్పి. డాక్టరు అర నిమిషంలో మందు రాసేశాడు. వాళ్లావిడ నా దగ్గరికొచ్చి, అన్నయ్యగారూ, ఈయన్ని ఇంకో నెల ఇలాగే ఉంచరూ అని ఒకటే బతిమాలడం."

డ్రైవరు నవ్వితే టీ చొక్కా మీద ఒలికింది. వచ్చిన పని మరిచి నర్సూ నవ్వేసింది. అంతలో గేటు లోపల సంచి పట్టుకుని నిలబడ్డ పిల్ల కనబడింది. ఏడో మంచం మీదున్న వడ్రంగి కూతురు. నాన్నని ఇంటికి తీసుకెళ్దామని పొద్దున్నే వచ్చింది. నర్సు నవ్వు ఆగిపోయింది.

మావయ్య మాత్రం ఆగలేదు. చివరికి జ్వరాలకే దడ పట్టుకుందట. ఆ గడిలో పడితే దాక్కోవడానికి ఒక్క మాట కూడా తోడుండదు, ఎంతో అంత తేలిపోవాల్సిందే, అంత పరువు తక్కువ బతుకెందుకని వాటంతట అవే దిగిపోయాయట. కావాలంటే ఆరో వార్డుకెళ్లి చూసుకోండి, మంచాలన్నీ ఖాళీ అన్నాడు.

"ఖాళీగా లేవు మావయ్యా," అంది నర్సు.

అందరూ ఆమెవైపు తిరిగారు. ఆమె కాగితం విప్పి చదివింది. "నాలుగో మంచం బామ్మగారికి వెయ్యిన్ని పద్నాలుగు డిగ్రీల జ్వరం. ఏడో మంచం వడ్రంగికి తొమ్మిది వందల ఎనభై ఆరు. ఆయనకి అసలు జ్వరమే లేదు."

మావయ్య కాగితం లాక్కుని చూశాడు. ఆమె వివరించింది. థర్మామీటరు నూట ఒకటి పాయింటు నాలుగు చూపిస్తే తను అలాగే కొడుతోంది, గడి అక్షరాలతోపాటు మధ్యలో చుక్కనీ బయటికి తోసేస్తోంది. పొద్దున పెద్ద డాక్టరు అది చదివి, థర్మామీటరు రోగి నోట్లో పెట్టావా పొయ్యిలో పెట్టావా అని చుట్టాలందరి ముందూ అడిగాడు. జ్వరం తగ్గినట్టు కంప్యూటర్లో ఎక్కితే తప్ప డిశ్చార్జి కాగితం రాదు. అందుకే ఆ పిల్ల ఇంకా అక్కడే ఉంది.

"నేను వంద కొట్టి చూశాను. సరిగ్గానే పడింది," అన్నాడు మావయ్య గొంతు తగ్గించి.

"జ్వరాలు అంత గుండ్రంగా రావు మావయ్యా. మీరిక్కడ ఎన్ని కోతలు కోసినా మేం నవ్వుకుని పోతాం. మీ గడి కోస్తే డాక్టరుగారు నమ్మి మందు రాయాలి."

మావయ్య సగం టీ అలాగే వదిలేసి లేచి, ఆమెకంటే ముందే రోడ్డు దాటాడు. వార్డులో కూర్చుని గడిలోకి చుక్కని రానిచ్చాడు, అదీ ఒక్కటే, రెండోది వస్తే వెనక్కి పొమ్మనేలా. ఈసారి తను కొట్టి చూసుకోలేదు. లేచి కుర్చీ ఆమెకిచ్చి, "ఏదీ, నువ్వే ఎడాపెడా కొట్టి చూడు," అన్నాడు. ఆమె తొంభై ఎనిమిది పాయింటు ఆరు కొట్టింది. అలాగే పడింది. వరసగా రెండు చుక్కలు కొట్టింది, ఒకటే పడింది. మావయ్య గట్టిగా ఊపిరి వదిలాడు.

అరగంటలో వడ్రంగి చేతికి డిశ్చార్జి కాగితం వచ్చింది. నర్సు తండ్రీకూతుళ్లని గేటు దాకా సాగనంపింది. ఆయన తిన్నగా టీ కొట్టుకెళ్లాడు. మావయ్య కూడా అప్పటికి తన బల్ల మీదికి చేరుకున్నాడు. ఒంట్లో ఎలా ఉందని డ్రైవరు అడిగాడో లేదో, వడ్రంగి జేబులోంచి పొద్దున తనకిచ్చిన జ్వరం లెక్క కాగితం తీసి అందరి ముందూ పరిచాడు.

"తొమ్మిది వందల ఎనభై ఆరండీ. ఆస్పత్రివాళ్లే అచ్చేసి ఇచ్చారు, చూసుకోండి. నేను అటు ఒత్తిగిలితే మంచం కోళ్లు ఎర్రగా కాలిపోయేవి..."

అది అబద్ధమని మావయ్య తేల్చాలంటే, చుక్కని తోసేసింది తన గడేనని మళ్లీ ఒప్పుకోవాలి. ఆయన గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు.