పుట్టింటి చక్రాలు

చెప్పండి చూద్దాం, కొత్త బండి వస్తే ఎంత స్పీడు పోతుందని అడుగుతారే, చక్రం వెనక్కి వంగి అది ఎక్కడ పట్టుకుని ఆగుతుందో చూసినవాళ్ళు మీలో ఎవరు? చెయ్యెత్తండి. లేరు కదా. పైడమ్మా అంతే, ఆ రోజుదాకా. పైడమ్మ మొగుడు కొర్లయ్య కొండమీది ఊరి నుంచి ఘాటీ రోడ్డున కింద సంతకి జీపు తోలేవాడంట. ఆవిడకప్పుడు ఏడో నెల. నొప్పులొస్తే కింద ఆస్పత్రికి దింపాల్సింది ఆ జీపే, ఇంకో దారి లేదు. అమ్మా నాన్నా లేరు. ఉన్నదల్లా అన్న అప్పలసూరి, పట్నంలో లారీలకి రంగులేస్తాడు. చెల్లికి సారె పెట్టేది నేనే కదా అని చీర కొన్నాడు, చలిమిడి చేయించాడు, అయినా మనసులో ఏదో వెలితి. ఏమైందంటే, చక్రాల దుకాణం ముందు నుంచి పోతూ పోతూ ఆగిపోయాడంట. వెండిలా మెరిసే అల్లాయ్ చక్రాలు, పువ్వురేకుల్లా కడ్డీలు. బోల్టుల బెజ్జాలు లెక్కపెట్టాడు, అయిదు. మా బావ జీపుకీ అయిదే, ఇంకేటి, కుదిరినట్టే అనుకున్నాడు. నవ్వకండి, మీ ఇంట్లోనూ ఉంటాడొకడు.

బస్సు టాపు మీద వేసి తెచ్చాడు. వెనక రెండూ చక్కగా కూర్చున్నాయి. అక్కడ బ్రేకు డబ్బాలో దాక్కుని ఉంటుంది, దాంతో పేచీ లేదు. ముందువైపు అలా కాదు. అక్కడ చక్రంతో పాటు ఇనప పళ్ళెం ఒకటి తిరుగుతుంటుంది, దాన్ని దవడలా కరిచి పట్టుకునే దిమ్మ ఉంటుంది, కాలిపర్ అంటారు. అది కరిస్తేనే బండి ఆగేది. కొత్త చక్రాలకి పసుపు రాస్తున్న పైడమ్మ ఆ దిమ్మని చూసి, నువ్వేం పాపం చేశావే అని దానికీ ఓ పసుపు ముద్ద అద్దిందంట. చక్రం ఎక్కించి చేత్తో తిప్పారు. తిరిగింది. "చూశావా బావా, కొలిచి చేసినట్టుంది" అన్నాడు అప్పలసూరి. కొర్లయ్య మాత్రం చెవి పెట్టి వింటున్నాడు, లోపలెక్కడో సన్నగా గీరుకుంటున్న చప్పుడు. విప్పి చూస్తే దిమ్మ మీద ఉల్లిపొరంత పసుపు కూడా మిగల్లేదు, ముద్దంతా కడ్డీల లోపలివైపు అంటుకుపోయింది. జాకీ మీద ఉత్త బండికే ఇలాగుంటే, జనం ఎక్కి, మలుపు మలుపుకీ బ్రేకు కాగి, మధ్యలో ఓ గులకరాయి ఇరుక్కుంటే ఏమవుతుంది? చక్రం పట్టేసి బండి లోయలోకి పోతుందని కొర్లయ్యకి తెలుసు. తెలిసీ నోరు విప్పలేదు. పుట్టింటి సారె తిప్పి పంపితే ఆడపిల్లకి అరిష్టమని అనే నోళ్ళున్నాయి కదా, ఏ నోళ్ళో నేను చెప్పను, ఇక్కడే కూర్చున్నాయి. "ఆకురాయి తే బావా, ఆ దిమ్మని ఓ పక్క కాస్త రాసేస్తే సరిపోద్ది" అన్నాడు అప్పలసూరి. కొర్లయ్య వెళ్ళి తెచ్చాడు కూడా. మొహమాటం ఎంత పని చేయిస్తుందో చూడండి.

అప్పుడు పైడమ్మ నడుం పట్టుకుని కింద కూర్చుని, ఆకురాయికీ దిమ్మకీ మధ్య చెయ్యి అడ్డం పెట్టిందంట. "అన్నా, సారెలో రవిక బిగువైతే చెయ్యి చెక్కించుకుంటామేటి?" అంది. "అదేం మాటమ్మా" అన్నాడు. "మరి నువ్వు చేస్తున్నదేటి?" అని, మొగుడివైపు తిరిగి, "నువ్వేటయ్యా, మా అన్న మొహం చూసి ఊరుకున్నావా? లోయకి మొహమాటం ఉండదు" అంది. అప్పలసూరి చక్రాన్ని ఒళ్ళోకి తీసుకున్నాడు. "అమ్మ ఉంటే ఏం పెట్టేదో నాకు తెలీదే. నువ్వు కొండ దిగుతుంటే నలుగురూ చూసి, పైడమ్మకీ పుట్టిల్లుంది అనాలనుకున్నాను" అన్నాడంట, మొహం అటు తిప్పుకుని. ఆవిడ పసుపు చేత్తోనే వాడి తల నిమిరింది. "అమ్మ ఉంటే ముందు ఆది జాకెట్టు అడిగేది. నువ్వు ఆది లేకుండా దర్జీ దగ్గరికెళ్ళావు, అంతే" అని, సారె చీర పెట్టి తెచ్చిన అట్టపెట్టె చింపి, దిమ్మ మీద అదిమిపెట్టి, బొగ్గుతో చుట్టూ గీసి, కత్తెరతో కోసి చేతిలో పెట్టింది. "ఇది లోపల సుళువుగా ఆడే చక్రాలు తే. సారె తిప్పి పంపడం కాదిది, కొలత మార్చుకోవడం." షాపువాడు నవ్వుతాడే అన్నాడు అప్పలసూరి. "నవ్వనీ. నన్ను కిందికి దింపేది వాడు కాదు కదా." కొర్లయ్యకి అప్పటికి గొంతొచ్చింది. "బావా, రేపు నీకు పిల్లని చూడ్డానికెళ్ళినా చేతికి అయిదు వేళ్ళున్నాయని లెక్కపెట్టి ఒప్పేసుకుంటావేటి?" అన్నాడు. ముగ్గురూ నవ్వారు, అప్పలసూరి అందరికంటే ఆలస్యంగా నవ్వాడంట.

షాపువాడు నవ్వనూ నవ్వాడు, గొణగనూ గొణిగాడు, చివరికి మార్చిచ్చాడు. ఈసారి తెచ్చినవాటికి అంత మెరుపు లేదు, కడ్డీలు బైటికి ఉబ్బి ఉన్నాయి, లోపల వేలు దూరేంత చోటుంది. నెలలు నిండాక, జోరు వానలో నొప్పులొచ్చాయి. కొర్లయ్య మలుపు మలుపుకీ బ్రేకు తొక్కుతూ దింపాడు, జీపు ఆగమన్న చోటల్లా ఆగింది. కాన్పుకని ముందే వచ్చి ఉన్న అప్పలసూరి వెనక సీట్లో చెల్లెలి పాదాలు ఒళ్ళో పెట్టుకుని, ఇంకొంచెమే అమ్మా, ఇంకొంచెమే అంటూనే ఉన్నాడంట. ఆడపిల్ల పుట్టింది, ఇద్దరూ క్షేమం. పైడమ్మ సారె వెనక్కి పంపిందని ఇప్పటికీ అనేవాళ్ళున్నారు. అనుకోనివ్వండి, బతికుంది కాబట్టే అంటున్నారు. సరే, నా కథ అయిపోయింది, మీ పని మిగిలింది. మెరిసే చక్రాలు బిగించుకుని వచ్చినవాళ్ళు లేవండి, ఇంటికి తోలేముందు ఓ చక్రం విప్పి లోపల చూడండి. గీరుకుంటుంటే, అది తెచ్చిన మనిషి ఎంత ప్రేమగా తెచ్చినా సరే, వెళ్ళి చెప్పండి. మెత్తగానే చెప్పండి, కానీ చెప్పండి.