కటాబా మెమొరీస్ గేటు దగ్గర

హలో… ఆ, నేనే అత్తా, వెల్డాని. ఇంకెక్కడ, గేటు దగ్గరే. నలభై నిమిషాలైంది. ఎండకి స్టీరింగు ముట్టుకుంటే చెయ్యి చుర్రుమంటోంది…

లేదు, వాచ్‌మన్ లోపలికి పంపలేదు. కాలనీలో ఉండేవాళ్ళకే పాసులట… చూపించానమ్మా, మన కటాబా తెగ కార్డే చూపించాను. అటూ ఇటూ తిప్పి, "దీని మీద ఈ కాలనీ అడ్రసు లేదు మేడమ్" అన్నాడు…

ఏమంటాను. కాలనీ పేరే "కటాబా మెమొరీస్". నేను కటాబానేనయ్యా అన్నాను. అయితే ఆఫీసులో కనుక్కోండి అన్నాడు. మనం జ్ఞాపకాలమన్నమాట. జ్ఞాపకాలకి పాసుండదు.

ఆ, మన కుండల మట్టి గుంట ఉంది. ఇక్కణ్ణుంచే కనిపిస్తోంది. చుట్టూ తాడు కట్టారు, సోమవారం పూడ్చేసి మైదానం చేస్తారు… కాదు, టెన్నిస్ ఆడుకోడానికి వేరే ఉంది. ఇది కుక్కలు ఆడుకోడానికి… కుక్కలకే, సరిగ్గానే విన్నావు. వాటికి పాసులున్నాయి. మెళ్ళో బిళ్ళలు నేను చూశాను.

తెలుసత్తా… ముతక మట్టి ఎక్కడైనా దొరుకుతుంది, ఆ నున్నటి మట్టి ఒక్క ఇక్కడే. అది కలపకపోతే కుండ మంటలో పగులుతుంది. నీ కుండల క్లాసులో పదకొండు మంది చేతులు కడుక్కుని కూర్చున్నారు, అదీ తెలుసు…

చేశాను. కాలనీ అసోసియేషన్ ప్రెసిడెంటుకే ఫోన్ చేశాను. పాట్రిస్ అని. ఎంత మర్యాదో. మన పెద్దలంటే ప్రాణమట. శనివారం క్లబ్బు ప్రారంభానికి నేనొచ్చి రెండు నిమిషాలు చదివితే, ఆ ఒక్క రోజుకీ పాసిస్తుందట… ఆ, మట్టి ఎంతైనా తవ్వుకోవచ్చట… ఉండు, అప్పుడే సంతోషపడకు.

చదవాల్సింది ఆవిడే రాసి పంపింది. విను. "ఈ నేల మీద ఒకప్పుడు కటాబాలనే శాంతమూర్తులు జీవించారు. దీన్ని సంతోషంగా మనకి అప్పగించి, నది మీది పొగమంచులా వెళ్ళిపోయారు"…

ఆ, వెళ్ళిపోయాం. తొమ్మిది మైళ్ళ అవతలికి…

నేను మాత్రం ఊరుకున్నానా. సంతోషంగా ఎప్పుడిచ్చామండీ అన్నాను. పద్దెనిమిదివందల నలభైలో మనవాళ్ళ చేత సంతకాలు పెట్టించుకుని, బదులిస్తామన్న నేల ఎగ్గొట్టారని చెప్పాను. ఆ తర్వాత అసలీ తెగే లేదు పొమ్మని అమెరికా ప్రభుత్వం లిస్టులోంచి కొట్టేస్తే, మళ్ళీ పేరెక్కించుకోడానికి మీ తరానికి ముప్ఫై ఏళ్ళు పట్టిందనీ చెప్పాను. పాపం, ఓపిగ్గా విన్నది. "చాలా బాధగా ఉందండీ, కానీ రెండు నిమిషాల్లో ఇదంతా పట్టదు కదా" అంది. తర్వాత స్నాక్సుల ప్రోగ్రాముందట…

ఈకల టోపీయా… అడక్కుండా ఉంటుందా. మా వాళ్ళు పెట్టుకోరండీ అన్నాను. పర్లేదు, అద్దెకి తెప్పిస్తాం అంది. ఇంకా, అద్దాల బీరువాలోకి నీ కుండ ఒకటి కావాలట… ఊరికేనే… నవ్వకత్తా.

సాయంత్రంలోగా చెప్పాలి. చదవకపోతే సోమవారం ఆ గుంటలోకి లారీలొస్తాయి. చదివితే, నేను లేనని నా నోటితో నేనే చెప్పాలి. మైకులో…

ఏంటీ… నువ్వూ వస్తావా… ముందు వరసలోనా… అత్తా, నేను పైనుంచి "వెళ్ళిపోయారు" అని చదువుతుంటే, నువ్వు ఎదురుగా పార పట్టుకుని కూర్చుంటావా…

సరే, కూర్చో. మరి నేనేం చదవను… అదడిగితే బకెట్లెన్ని ఉన్నాయంటావేంటి… ఆరు… కాదు, అది తర్వాత. ముందు నా సంగతి చెప్పు. నీకు తోచకపోతే ఆ పదకొండు మందినీ అడుగు. దారిన పోయేవాళ్ళని అడుగు. నా చోట ఉంటే ఏం చదువుతారు, ఏం మింగుతారు… మీకు దణ్ణం పెడతాను, ఎవరో ఒకరు చెప్పండి…

ఉండు, ఈ వాచ్‌మన్ కారు అద్దం కొడుతున్నాడు. కారు తియ్యమంటున్నాడు… తీస్తానయ్యా, తీస్తా… అత్తా, ఏదో అన్నావు, వినపడలేదు. చదవమన్నావా, వద్దన్నావా… హలో… అత్తా… హలో…