దొర వెళ్ళే తూము

గుంటూరులో కుక్కల డాక్టరు ఫెబా గారి గది. బల్ల మీద దొర అనే పదమూడేళ్ళ ఊరకుక్క. దానికి అటు అన్న బుల్లయ్య, ఇటు తమ్ముడు శ్రీకృష్ణ. ఇద్దరూ డాక్టరుతోనే మాట్లాడతారు. ఆవిడ బుల్లయ్యకి ‘తల్లి’, శ్రీకృష్ణకి ‘మేడమ్’.

“మొన్నటిలా కాదు గదా? ఇవాళైనా ఖాళీ కడుపుతోనే తెచ్చారా?”

“మా ఇంట్లో మెతుకు పెట్టలా తల్లీ. ఆయనింటి సంగతి ఆయన్నే అడుగు.”

“మేమూ పెట్టలేదు మేడమ్.”

“మొన్న కూడా ఇద్దరూ ఇదే చెప్పారు. తీరా పరీక్షకని మత్తు ఇద్దామనుకునేసరికి నా బల్లంతా చేపముళ్ళు కక్కింది.”

“ఆ రోజు చేపలు వండింది మా ఇంట్లో కాదు తల్లీ.”

“పెరుగన్నం కూడా కక్కింది మేడమ్. ఆ రోజు మా ఇంట్లో పెరుగే తోడుకోలేదు.”

“బాగుంది. ఏం పెట్టొద్దన్నానని ఒకరికొకరు చెప్పుకోలేదా?”

“చెప్పుకోటానికి మాకు మాటల్లేవు గదా తల్లీ.”

“ఎప్పటి నుంచి?”

“మా రెండిళ్ళ మధ్య గోడ లేచినప్పటి నుంచి మేడమ్. పెద్దమనుషులు కూర్చుని అన్నీ పంచారు. చేను, కల్లం, స్ప్రే మిషన్లు. ఆఖరికి గునపం ఆయనకీ, సమ్మెట నాకూ. కుక్క సంగతే మర్చిపోయారు.”

“అది అక్కడుంటే గదా తల్లీ, గుర్తుకు రావటానికి. ఆ పూట కల్లంలో మిరపకాయలకి కాపలా ఉంది. మేం ఇంట్లో కొట్లాడుకుంటంటే అదొక్కటే పని చేసుకుంటంది.”

“మరి ఇప్పుడు ఎవరింట్లో ఉంటుంది?”

“మా ఇంట్లోనే తల్లీ. పొద్దున.”

“సాయంత్రం మా ఇంట్లో మేడమ్. గోడ కింద వాననీళ్ళు పోవటానికి తూము వదిలారు. అందులోంచి దూరి వచ్చిద్ది.”

“రాత్రి ఆ తూముకి బండ అడ్డం పెట్టా తల్లీ. మళ్ళీ ఏదన్నా తినిపోయిద్దని.”

“నేనూ మా వైపు ఒక బండ పెట్టా మేడమ్.”

“పోనీలెండి, ఒక్క విషయంలో కలిశారు.”

“కలవటం ఎక్కడిది తల్లీ? ఆయన పెట్టాడని తెలిస్తే ఈ నడుంతో నేనెందుకు మోస్తా? వంగితే లేవలేను, లేస్తే వంగలేను.”

“గోడ కట్టించేటప్పుడు లేదు మేడమ్ ఆ నడుంనొప్పి.”

“నేను కట్టించింది భుజం ఎత్తు తల్లీ. పైన ఇంకో నాలుగు వరసలు ఎవరు లేపారో కనుక్కో.”

“గోడ సంగతి తర్వాత. ఇటు చూడండి, ఎక్స్‌రే. మూత్రం సంచిలో తెల్లగా కనపడేవన్నీ రాళ్ళే.”

“ఇన్నా? చీమకుర్తి క్వారీ మొత్తం దీని పొట్టలోనే ఉన్నట్టుంది మేడమ్.”

“ఆయనకి నవ్వులాటగా ఉంది. అది చుక్క చుక్కకీ కుయ్యిమంటంటే నాకు ముద్ద దిగటల్లా తల్లీ.”

“నవ్వకపోతే ఏం చెయ్యను మేడమ్? ఇంట్లో ఎటూ ఏడుస్తానే ఉన్నా.”

“జాగ్రత్తగా వినండి. ఆపరేషన్ చేసి రాళ్ళు తీస్తే నొప్పి పోతుంది. కానీ పెద్ద వయసు, గుండె కూడా కాస్త బలహీనంగా ఉంది. మత్తులోంచి లేవకపోవచ్చు. చెయ్యకపోతే ఈ బాధ ఇలాగే ఉంటుంది. ఏదో ఒక రోజు రాయి అడ్డం పడి మూత్రం పూర్తిగా ఆగిపోతుంది. చెయ్యమంటారా, వద్దా?”

“ఆయన్ని అడుగు తల్లీ.”

“పెద్దవాడు ఆయన. ఆయన్నే అడగండి మేడమ్.”

“ఇంతసేపూ మా ఇల్లంటే మా ఇల్లన్నారు. ఇప్పుడు కుక్క ఎవరిదీ కాదా?”

“ఎందుకు కాదు తల్లీ? పత్తి చేలో దొరికితే కండువాలో చుట్టుకుని తెచ్చింది నేను.”

“తెచ్చింది ఆయనే మేడమ్. పాలసీసాతో పాలు పట్టింది నేను. వేలు కూడా కొరికింది, ఇదుగో.”

“మరి చెప్పండి, ఏం చేద్దాం?”

“భయం తల్లీ. నేను చెయ్యమని, అది కాస్తా పోయిందనుకో. మా అన్నే చంపాడని ఊరంతా చెప్పుకుంటాడు.”

“నేను వద్దని, అది నొప్పితో పోతే? ఇన్నాళ్ళూ కల్లం కాయించుకుని వైద్యం చేయించలేదంటాడు మేడమ్.”

“అర్థమైంది. నేను లోపల సామాను సర్దుకుంటా. ఈలోపు మీరిద్దరూ మాట్లాడుకుని తేల్చండి.”

“నువ్వెళ్ళిపోతే ఎట్టా మాట్లాడుకునేది తల్లీ?”

“దొర ఉంది గదా. దానితో చెప్పుకోండి.”

“ఏరా దొరా. మీ చిన్నాన్నకి చెప్పు, ఆ ఫ్యాను తగ్గించమని. వణుకుతున్నావు.”

“వణుకు ఫ్యానుకి కాదని మీ పెదనాన్నకి చెప్పరా దొరా. భయానికి. నాకూ భయంగానే ఉంది.”

“నాకు లేదనుకుంటున్నాడా మీ చిన్నాన్న? రాత్రి నువ్వు తూము దగ్గర కూర్చుని ఏడుస్తంటే, ఇటు పక్క గోడకానుకుని నేనూ కూర్చున్నా.”

“దగ్గు వినపడింది దొరా. మీ పెదనాన్న చుట్ట ఇంకా మానలేదని అర్థమైంది.”

“చుట్ట సంగతి ఇప్పుడెందుకంటరా ఆయనకి?”

“ఎందుకంటే, అడిగేవాళ్ళు లేకపోతే మానడు గనక.”

“ఊఁ. నువ్వు పడుకో దొరా, పడుకో.”

“కిందటేడు వాన గుర్తుందా దొరా? రెండు కల్లాల్లోనూ కాయలు ఆరబోసి ఉన్నాయి. మబ్బు పట్టగానే వాళ్ళ గుమ్మంలో మొరిగి, తూములోంచి వచ్చి మా గుమ్మంలో మొరిగావు. ఒకళ్ళని లేపి ఊరుకోలా నువ్వు.”

“అవును. ఒక్క కాయ తడవలా, అటూ ఇటూ కూడా.”

“అట్టాంటిదాన్ని నొప్పితో ఉంచటం న్యాయం కాదని చెప్పరా మీ పెదనాన్నకి.”

“నేను మాత్రం న్యాయమన్నానా దొరా? చేయిద్దామని చెప్పు. జరగరానిది జరిగినా ఆయన్ని పల్లెత్తు మాట అననని చెప్పు.”

“నేనూ అనను. అది కూడా చెప్పరా దొరా.”

“నా సామాను సర్దటం అయింది. మీరు తేల్చారా?”

“చెయ్యి తల్లీ.”

“చెయ్యండి మేడమ్.”

“మంచిది. ఇంకో మాట. కుట్లు నాక్కోకుండా మెడకి ఈ ప్లాస్టిక్ గరాటా కడతాం. కుట్లు ఆరేదాకా తియ్యకూడదు.”

“ఇంత వెడల్పా మేడమ్? ఇది పెట్టుకుంటే తూములో పట్టదు.”

“పట్టదు. ఎవరో ఒకరింట్లో ఉంచుకోండి.”

“ఒకరింట్లో ఉండదు తల్లీ. పొద్దున మా ఇంటికి రాకపోతే మంచినీళ్ళు కూడా ముట్టదు.”

“సాయంత్రం మా ఇంటికి రాకపోయినా అంతే మేడమ్.”

“అది మీరూ మీరూ చూసుకోండి. కుక్కకి నేను వైద్యం చేస్తాను గానీ గోడకి చెయ్యలేను. దా దొరా, లోపలికి పోదాం. మీరు బయట కూర్చోండి. ఒక్కటే బెంచీ ఉంది, సర్దుకోండి.”

“తలుపేసేసింది.”

“ఊఁ.”

“దొర కూడా పోయింది లోపలికి.”

“ఊఁ.”

“కృష్ణా.”

“ఏందన్నయ్యా?”

“నీ సమ్మెట పిడి గట్టిగా ఉందా?”

“ఉంది. నీ గునపం?”

“తుప్పు పట్టింది. అయినా పనిచేసిద్ది. ఇంటికి పోగానే ఆ తూము దగ్గర గోడ కొట్టాలి.”

“ఎంత? గరాటా పట్టేంత కొడితే చాలు గదా. అటొక ఇటుక, ఇటొక ఇటుక.”

“ఏం చాలుద్దిరా అది?”

“అన్నయ్యా, ఒకవేళ దొర లేవకపోతే? అప్పుడెవరి కోసం ఆ కొట్టటం?”

“నాకు నడుం వంగదురా. నిలబడి వచ్చేంత కొట్టు.”