అంతయ్య గారు పంపనివ్వని అభియోగపత్రం

1987 జూన్ 11న కానిస్టేబుల్‌గా విధుల్లో చేరి, ముప్పై ఎనిమిదేళ్ల సుదీర్ఘ సేవానంతరం ఈ నెలాఖరున ఏఎస్సైగా పదవీ విరమణ చేస్తున్న శ్రీ అంతయ్య గారిని అభినందిస్తూ నాలుగు మాటలు రాయమని మిత్రులు కోరారు. వారితో ఆరేళ్లు వేగిన ఎస్సైని కనుక ఆ అర్హత నాకు సమృద్ధిగానే ఉంది.

తొలి పదేళ్లు దిల్‌సుఖ్‌నగర్ కూడళ్లలో బందోబస్తు చేసిన వారిని, దస్తూరీ గుండ్రంగా ఉందన్న ఏకైక కారణంతో స్టేషన్ రైటర్‌గా కూర్చోబెట్టారట. ఆ పుణ్యాత్ముడెవరో గాని మా ప్రాణాల మీదికి తెచ్చిపెట్టారు. సాక్షి వాంగ్మూలంలో తేదీ లేదని, పంచనామాలో గోడ దిక్కు తప్పిందని, ఎల్బీనగర్ కోర్టుకు పోవలసిన ప్రతి ఫైలునూ వారు తిరిగి నా బల్ల మీదికే చేర్చేవారు. నేను తొందరపడేవాణ్ణి, వారు కళ్లద్దాలు తుడుచుకునేవారు.

రెండేళ్ల క్రితం దొంగతనానికి గురైన ఒక మోటార్ సైకిల్ బడంగ్‌పేట్‌లో టైల్స్ మేస్త్రీ మహేందర్ ఇంటి ముందు దొరకగా, ఆయనను అరెస్టు చేసి జైలుకు పంపాను. అరవై రోజుల్లో అభియోగపత్రం వేయకపోతే బెయిలు హక్కవుతుంది. యాభై ఐదో రోజున నేను సంతకం చేసిన అభియోగపత్రాన్ని అంతయ్య గారు ఆపేశారు.

"మద్యానికి, జల్సాలకు అలవాటుపడి అని రాసిన్రు. గీ మాట ఆయన చెప్పిండా సార్?"

"అందరికీ అదే రాస్తామండీ! రిమాండు రిపోర్టులోనూ అదే రాశాం. గడువు దాటితే మెమో నాకొస్తుంది, మీకు కాదు."

"జర ఆగుండ్రి. వాళ్లమ్మ యాదలక్ష్మి రోజూ దవాఖాన చిట్టీ పట్టుకొని ఒస్తున్నది. ఎవ్వరూ సూడలె."

ఒళ్లు మండిపోయింది. వారు మాత్రం ఆ చీటీ పట్టుకుని నాగోల్ ఆసుపత్రికి వెళ్లి, రక్తనిధి రిజిస్టరు నకలు తెచ్చి నా ముందుంచారు. బండి పోయిన ఉదయం, సరిగ్గా ఆ గంటలోనే, మహేందర్ తన తల్లి శస్త్రచికిత్స కోసం రక్తమిస్తూ సంతకం చేశాడు. అభియోగపత్రానికి బదులు విడుదల కోరుతూ నివేదిక వేశాం. యాభై ఎనిమిదో రోజున ఆయన ఇంటికి వెళ్లాడు. గడువు దాటకపోయినా, తప్పుడు అరెస్టు చేసినందుకు నాకు మెమో రానే వచ్చింది.

మర్నాడు యాదలక్ష్మి స్టేషన్‌కు వచ్చింది. కృతజ్ఞతలు చెబుతుందనుకున్నాను.

"నా కొడుకు తాగుతడని రాసినోళ్లెవరు సారూ?" అని అంతయ్య గారినే అడిగింది.

వారు నా వైపు చూడలేదు, నా పేరు చెప్పలేదు, తలవంచుకున్నారు. ఆ మర్యాదే నన్ను కుర్చీలో కూర్చోనివ్వలేదు.

"నేనేనమ్మా" అన్నాను.

ఆమె నన్ను ఎగాదిగా చూసి వెళ్లిపోయింది.

వచ్చే నెల నుంచి మా అభియోగపత్రాలన్నీ సకాలంలో కోర్టుకు చేరతాయి. తలచుకుంటేనే నాకు భయంగా ఉంది. అంతయ్య గారు సతీమణి అరుణమ్మ గారితో కలిసి చిరకాలం ఆయురారోగ్యాలతో ఉండాలని, మధ్యమధ్య స్టేషన్‌కు వచ్చి నా ఫైళ్లు ఆపగలిగేంత ఓపిక వారికి మిగలాలని మనసారా కోరుకుంటున్నాను.