గ్రిడ్డు పిన్ను దగ్గరి కండెన్సరు

తాడేపల్లిగూడెం, 1956. రేడియోలు బాగుచేసే కామరాజు కొట్టు. ఎదుటి బియ్యంమిల్లు ఇంకా మొదలవలేదు. కామరాజు, అతని భార్య రత్నాంబ, ఏలూరు నుంచి పొద్దుటి రైలుకు వచ్చిన హరికథకురాలు లక్ష్మీకాంతం.

“సెట్టులో తప్పు లేదంటే లేదండి. ఎన్నిసార్లు చెప్పమంటారు లక్ష్మీకాంతంగారూ?”

“మండవల్లిలో మీ మైకు ముందు నేను నోరు తెరవగానే పిల్లలు చెవులు మూసుకున్నారండీ కామరాజుగారూ. నా గొంతు పోయిందని కమిటీవాళ్ళు మిగతా నాలుగు రోజుల కథా మాన్పించేశారు. ఆ మాట కొల్లేటి ఊళ్ళన్నీ తిరిగొచ్చింది. ఆరు నెలలైంది, కథకి పిలిచిన ఊరు లేదు.”

“దానికి నన్నేం చెయ్యమంటారు?”

“మీ మైకుసెట్టు కీచుమందని కాగితం మీద ఒక్క ముక్క రాసివ్వండి. అంతే.”

“కీచుమందా? నా చేత్తో కట్టిన సెట్టండి అది! విన్నావా రత్నం?”

“నన్నెందుకండీ లాగుతారు? కాస్త మజ్జిగ తేనా అమ్మా?”

“వద్దండీ. ఎలా కట్టారో అదైనా చెప్పండి కామరాజుగారూ.”

“చెబితే మీకు తెలుస్తుందా? గొంతుని పెద్దది చేసే వాల్వుకి గ్రిడ్డు పిన్నని ఒకటుంటుంది. మైకులోంచి వచ్చిన గొంతు ఆ పిన్నుకి చేరాలంటే ముందు ఒక కండెన్సరు దాటాలి. పెద్ద కండెన్సరైతే గొంతు మొత్తం దాటుతుంది. చిన్నదైతే సన్నటి శబ్దమే దాటుతుంది.”

“మీరేది వేశారు?”

“పుస్తకంలో పాయింట్ నాట్ టూ సైజు కండెన్సరు అనుంది. వేసి చూశాను. మాట గుడ్డలో మూటగట్టినట్టుంది. చిన్నది వేశాను. ఇంకా చిన్నది వేశాను. బరువు శబ్దం ఇంకా తగ్గాలని పక్కనున్న రెసిస్టెన్సు కూడా తగ్గించాను. అప్పటికి తేటగా వినిపించింది.”

“ఎవరికండీ?”

“ఎవరికేమిటి, నాకే! పాతికేళ్ళు మిల్లు ఇంజను పక్కన నిలబడి, చప్పుడునిబట్టి ఏ బేరింగు పోయిందో చెప్పినవాణ్ణి. నేను మీటరు చూసి కట్టనండి, విని కడతాను.”

“ఇంకెవరైనా విన్నారా?”

“రత్నం విన్నది. బాగుందంది. అన్నావా, లేదా?”

“అన్నానండీ.”

“చూశారా మరి?”

“ఇందాక నేనొచ్చి గుమ్మంలోంచి మూడుసార్లు పిలిచానండీ కామరాజుగారూ, మీరు పలకలేదు. మీ జేబులో గడియారం ఒకసారి చెవి దగ్గర పెట్టుకోండి.”

“ఎందుకూ... ఇదిగో. ఆగిపోయింది. కీ ఇవ్వలేదేమో.”

“సెకండ్ల ముల్లు చూడండి.”

“తిరు... తిరుగుతోందే! రత్నం, ఇలా రా. నీకు వినిపిస్తోందా?”

“పోనిద్దురూ, పొద్దున్నే ఈ గొడవ...”

“వినిపిస్తోందా, లేదా?”

“ఇక్కడికే వినిపిస్తోందండీ.”

“సన్నటి శబ్దం నా చెవులకి అందదని నీకు ముందే తెలుసా? తెలిసే బాగుందన్నావా?”

“వినపడనివాడి దగ్గరికి రేడియో ఎవరు తెస్తారండీ? మన బతుకంతా ఈ కొట్టే కదా.”

“ఈవిడ బతుకు మాటేమిటే! రాసిస్తానమ్మా, ఇప్పుడే రాసిస్తాను. అసలు గొంతు పోయిందని మొదట అన్నదెవరు? వాళ్ళింటికే వెళ్ళి చెబుతాను.”

“నాకు తెలీదండీ. ఆడవాళ్ళలోంచి ఎవరో గట్టిగా అరిచారు. ఆ తరవాత అందరూ అదే మాట అందుకున్నారు.”

“నేను సెట్టు దగ్గరున్నాను. నువ్వు ఆ ఆడవాళ్ళలోనే కూర్చున్నావుగా రత్నం. ఎవరది?”

“అందరూ మీ సెట్టుకేసే వేలు చూపిస్తున్నారండీ... నేనే అరిచాను.”